పెదనాన్న చేతిలోంచి పార ఎందుకు లాక్కున్నాం? | అమెరికాలో ఉన్న పెద్దవాళ్లకి స్నో తీసే మనిషిని కుదర్చడం ఎలా

 

ఈ రోజు టాపిక్ చూడగానే కొంతమందికి డౌట్ వస్తుంది. "ఏంటి బ్రో, హైదరాబాద్‌లో కూర్చుని స్నో గురించి చెప్తున్నావ్? మనకి వానొస్తే డ్రైనేజీ ప్రాబ్లమ్, మంచుతో మనకేం పని?" అని. కరెక్టే. కానీ ఒక్కసారి మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ ఓపెన్ చేయండి. అందులో ఒక పెదనాన్నో, మేనత్తో, బాబాయో అమెరికాలోనో కెనడాలోనో ఉంటారు. ముప్పై నలభై ఏళ్ల కింద వెళ్లినవాళ్లు. అప్పుడు వాళ్లు కుర్రాళ్లు. ఇప్పుడు డెబ్భై దాటాయి. పిల్లలు ఉద్యోగాలకి వేరే ఊళ్లకి వెళ్లిపోయారు. పెద్ద ఇల్లు, ఇద్దరే మనుషులు, బయట అడుగు ఎత్తున మంచు.

ఆ మంచు ఎవరు తీస్తారు? ఈ రోజు మాట్లాడేది అదే. మీరు అక్కడ ఎంఎస్ చేస్తున్నా, ఇక్కడ ఉండి వాళ్ల కోసం టెన్షన్ పడుతున్నా, ఈ ఎపిసోడ్ మీకోసమే.

మా పెదనాన్న సంగతి చెప్తాను. ఆయనకి 74. చికాగో సిటీలో, డెవాన్ అవెన్యూకి దగ్గర్లో ఉంటారు. మన ఇండియన్ షాపులన్నీ ఉండే రోడ్డు అది. గుండెకి రెండు స్టెంట్లు వేశారు. పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు, శీతాకాలంలో గడప దాటదు. అక్క సియాటిల్‌లో ఉంటుంది, విమానంలో నాలుగు గంటలు పైన. నేను హైదరాబాద్. మా ఇంట్లో "సాఫ్ట్‌వేర్ వాడు" నేనే కాబట్టి ఫోన్, వైఫై, టీవీ, ఏ సమస్య వచ్చినా నా దగ్గరికే వస్తుంది. అలాగే ఇదీ వచ్చింది.

పెదనాన్న మాట మాత్రం ఒకటే. "ఒరేయ్, నేను ఈ దేశం వచ్చినప్పటి నుంచి నా ఇంటి ముందు మంచు నేనే తీసుకుంటున్నా. అది ఎక్సర్‌సైజు రా. జిమ్ముకి డబ్బులు దండగ."

ఎక్సర్‌సైజు అంటున్నారు కదా, లెక్క వేద్దాం. నేను బీటెక్, లెక్క వేయకపోతే నిద్ర పట్టదు.

చికాగోలో మామూలు స్థలం వెడల్పు 25 అడుగులు. ఇంటి ముందు సైడ్‌వాక్ 5 అడుగుల వెడల్పున క్లియర్ చేయాలి. రాత్రి 6 అంగుళాల స్నో పడిందనుకోండి, అక్కడ అది పెద్ద విశేషం కూడా కాదు. 25 ఇంటూ 5 ఇంటూ అర అడుగు. సుమారు 62 ఘనపుటడుగులు. కొత్తగా పడిన పొడి మంచు నీళ్ల బరువులో దాదాపు పదో వంతు ఉంటుంది. అంటే మొత్తం 175 కేజీల దాకా. మన 25 కేజీల బియ్యం బస్తాలు ఏడు.

తడి మంచు అయితే దానికి రెట్టింపు, పద్నాలుగు బస్తాలు. ఇంకా మెట్లు, గుమ్మం నుంచి రోడ్డు దాకా ఉండే దారి కలపలేదు. సబర్బ్‌లో రెండు కార్లు పట్టే డ్రైవ్‌వే ఉంటే ఒక టన్ను దాటిపోతుంది. దానికి తోడు మున్సిపాలిటీ బండి రోడ్డు మీద మంచు తోసుకుంటూ వెళ్లి, మన డ్రైవ్‌వే మొదట్లో ఒక గట్టు పెట్టి పోతుంది. అది గట్టిపడి రాయిలా ఉంటుంది.

ఇప్పుడు చెప్పండి. స్టెంట్లు వేసుకున్న 74 ఏళ్ల మనిషి పొద్దున్నే లేచి, మైనస్ పది డిగ్రీల్లో, ఏడు బియ్యం బస్తాలు వంగి ఎత్తి పక్కకి విసురుతానంటే మనం ఒప్పుకుంటామా? బస్తాలు అనగానే ఎవరూ ఒప్పుకోరు. మంచు అనగానే మాత్రం దూదిలా తేలిగ్గా ఉంటుందనుకుంటాం.

గుండె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు ప్రమాదం నడుం నొప్పి కాదు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. అదే టైమ్‌లో చేతులతో బరువు ఎత్తుతాం. కాళ్లతో నడిచేదానికంటే చేతులతో చేసే పనికి గుండె మీద భారం ఎక్కువ. పైగా బరువు ఎత్తేటప్పుడు తెలియకుండానే ఊపిరి బిగబడతాం, దాంతో బీపీ ఇంకా ఎగురుతుంది. ఇదంతా నిద్ర లేచిన గంటలోపే, ఒళ్లు వేడెక్కకుండానే చేస్తాం. అన్నీ ఒకేసారి వచ్చి గుండె మీద పడతాయన్నమాట.

ఇందులో రీసెర్చ్ ఉంది. అమెరికాలో 1990 నుంచి 2006 వరకు ఎమర్జెన్సీకి వచ్చిన కేసులు చూస్తే, మంచు తీస్తూ దెబ్బలు తగిలో, ఒంట్లో బాగోకో వచ్చినవాళ్లు ఏడాదికి సగటున 11,500 మంది. అందులో గుండె సమస్యలు 7 శాతం దాకానే. కానీ ఆ పదిహేడేళ్లలో నమోదైన 1,647 చావులూ గుండె వల్లే. నడుం పట్టేసినవాళ్లు ఇంటికి వెళ్లారు. గుండె పట్టేసినవాళ్లలో కొందరు వెళ్లలేదు.

కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలో 1981 నుంచి 2014 దాకా డేటా తీసి ఇంకో స్టడీ చేశారు, 2017లో వచ్చింది. 20 సెంటీమీటర్ల మంచు పడిన మర్నాడు, మగవాళ్లలో గుండెపోటుతో ఆస్పత్రిలో చేరే అవకాశం 16 శాతం, గుండెపోటుతో చనిపోయే అవకాశం 34 శాతం ఎక్కువగా కనిపించింది. ఆడవాళ్లలో అంత స్పష్టంగా కనిపించలేదు. ఎందుకయ్యుంటుందంటే, పార పట్టుకునేది ఎక్కువగా మగవాళ్లే కాబట్టి అని ఆ రీసెర్చర్ల అంచనా.

పెదనాన్న రోజూ ఐదు వేల అడుగులు నడుస్తారు. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడతారు కూడా. "నాకేం కాదు" అనడానికి అదే ఆయన సాక్ష్యం. కానీ నడక వేరు, ఇది వేరు.

మరి అంత తొందరేంటి, మధ్యాహ్నం దాకా ఆగొచ్చు కదా అంటారా? అక్కడే రూల్ వస్తుంది. చికాగోలో ఇంటి ముందు సైడ్‌వాక్ శుభ్రం చేయాల్సిన బాధ్యత ఇంటి ఓనర్‌దే. పగలు 7 నుంచి సాయంత్రం 7 లోపు పడిన మంచు రాత్రి 10 లోపు తీసేయాలి. సాయంత్రం 7 తర్వాత పడింది మర్నాడు పొద్దున 10 లోపు తీసేయాలి. ఆదివారం, పండగ, తేడా లేదు. తీయకపోతే రోజుకి 50 నుంచి 500 డాలర్ల దాకా ఫైన్ పడొచ్చు.

ఊరిని బట్టి రూల్ మారుతుంది. బోస్టన్‌లో మంచు ఆగిన మూడు గంటల్లో తీయాలి, రాత్రి పడితే సూర్యోదయం తర్వాత మూడు గంటల్లో. కెనడాలో కాల్గరీలో మంచు ఆగాక 24 గంటలు టైమ్. మీవాళ్లు ఉండే ఊరి రూల్ ముందు తెలుసుకోండి. ఎందుకంటే పెద్దవాళ్లు ఫైన్‌కి భయపడేవాళ్లు, పరువుకి భయపడేవాళ్లు. "పక్కింటి వాళ్లందరూ తీసేశారు, మన ముందే ఉంది" అన్న ఆలోచన చాలు, పార పట్టుకోవడానికి.

చికాగోలో మంచు చిన్న విషయం కాదండీ. 1979లో మంచు తుఫాను వచ్చినప్పుడు రోడ్లు సరిగ్గా క్లియర్ చేయించలేకపోయారన్న కోపంతో జనం మేయర్ మైకేల్ బిలాండిక్‌ని ప్రైమరీలో ఓడించి, జేన్ బర్న్‌ని గెలిపించారు. ఆ ఊరి మొదటి మహిళా మేయర్ ఆవిడే. మంచుకి మేయర్ సీటే పోయిన ఊరు అది.

ఓకే. ఇప్పుడు మెయిన్ పాయింట్‌కి వస్తున్నా.

అందరూ అడిగే ప్రశ్న, "మంచు తీసే మనిషి ఎక్కడ దొరుకుతాడు?" నిజానికి మనిషి దొరకడం కష్టం కాదు. మన పెద్దవాళ్ల చేత అడిగించడం కష్టం. పెదనాన్నకి ఫోన్‌లో పది నంబర్లు ఇవ్వండి, మంచు పడిన రోజు ఒక్కటీ డయల్ చేయరు. "ఇంత పొద్దున్నే ఎవర్ని ఇబ్బంది పెడతాం" అంటారు. "ఈ కాస్త దానికేనా" అంటారు. ఇంకొకరి చేత పని చేయించుకోవడం అంటే ఆ తరానికి అప్పు తీసుకున్నట్టే. కాబట్టి మంచు పడిన పొద్దున ఎవరూ ఎవర్నీ అడగాల్సిన అవసరమే లేని ఏర్పాటు చేయాలి. ఆటోమేటిక్‌గా జరగాలి. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, బటన్ నొక్కితే పనిచేసేది కాదు, మంచు పడితే దానంతట అదే రన్ అయ్యేది కావాలి.

మేం ఎలా చేశామో చెప్తాను.

పోయిన అక్టోబర్‌లో అక్క, నేను, పెదనాన్న, ముగ్గురం వీడియో కాల్‌లో కూర్చున్నాం. అక్క డైరెక్ట్‌గా మొదలుపెట్టింది. "నాన్నా, నీకు వయసైంది, ఇంక చాలు." అంతే. పెదనాన్న కెమెరా ఆఫ్ చేసేశారు. నిజంగా, స్క్రీన్ నల్లగా అయిపోయింది. వెనక నుంచి పెద్దమ్మ గొంతు మాత్రం వినిపిస్తోంది, "మాట్లాడండీ, పిల్లలు ఖాళీ చేసుకుని కూర్చున్నారు" అని.

రెండు రోజులాగి నేను వేరేలా అడిగా. "పెదనాన్నా, మీరు ఉద్యోగం చేసేటప్పుడు బిల్డింగ్ మెయింటెనెన్స్ మీరే చేసేవారా?" "నేనెందుకు చేస్తాన్రా, దానికి కాంట్రాక్టర్ ఉండేవాడు." "మరి ఆయన మీకు సాయం చేసినట్టా?" "సాయమేంటి, డబ్బులిచ్చాం, పని చేశాడు." "మరి ఇంటికీ ఒక కాంట్రాక్ట్ పెడదాం. రేటు మీరే మాట్లాడండి, కండిషన్స్ మీరే రాయండి."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాసిచ్చేది ఇంగ్లిష్‌లో నీట్‌గా ఉండాలి" అన్నారు.

చూశారా? సాయం అంటే ఒప్పుకోని మనిషి కాంట్రాక్ట్ అంటే ఒప్పుకున్నారు. మీ ఇంట్లో మాట వేరే ఉండొచ్చు. కానీ "నీకు చేతకాదు" అనే వాక్యంతో మాత్రం మొదలుపెట్టకండి. ఆ మాట దగ్గరే సగం ఇళ్లలో ఈ విషయం ఆగిపోతుంది.

సరే, మనిషి ఎక్కడ దొరుకుతాడు? నేను నాలుగు తలుపులు అని పెట్టుకున్నా. దగ్గరి నుంచి దూరానికి వెళ్దాం.

మొదటి తలుపు, అదే వీధి. ఇదే బెస్ట్. తుఫాను రోజున రోడ్లు బ్లాక్ అయితే పది మైళ్ల అవతల ఉన్న కంపెనీ ట్రక్కు రాలేదు, రెండిళ్ల అవతల ఉన్న కుర్రాడు నడిచి వస్తాడు. హైస్కూల్ పిల్లలు అక్కడ ఇలాంటి పనులు చేసి పాకెట్ మనీ సంపాదించుకుంటారు, అది నామోషీ కాదు. స్నో బ్లోయర్ మెషిన్ ఉన్న పక్కింటాయన ఉంటే ఇంకా మంచిది. ఎవర్ని అడగాలో తెలియకపోతే నెక్స్ట్‌డోర్ అనే యాప్ ఉంది, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లే అందులో ఉంటారు.

రెండో తలుపు, డబ్బులిచ్చి పెట్టుకునే సర్వీస్. ఎండాకాలం గడ్డి కోసే లాన్ కంపెనీలు చాలావరకు చలికాలంలో మంచు తీస్తాయి. రేటు మూడు రకాలు. వచ్చిన ప్రతిసారికి ఇంత, పడిన అంగుళాలను బట్టి ఇంత, లేదా సీజన్ మొత్తానికి ఒకటే రేటు. పెద్దవాళ్లకి సీజన్ కాంట్రాక్టే బెటర్. ఎందుకంటే ప్రతిసారీ డబ్బులివ్వాలంటే "ఈసారి తక్కువే పడిందిలే, నేనే తీసుకుంటా" అని మిగల్చడానికి చూస్తారు. ముందే కట్టేసిన డబ్బు అయితే, "కట్టాం కదా, వచ్చి తీయనీ" అంటారు. టాస్క్‌రాబిట్ లాంటి యాప్స్‌లో ఆ రోజుకి మనిషిని పెట్టుకోవచ్చు. కానీ పెద్ద తుఫాను రోజున అందరూ అందులోనే వెతుకుతుంటారు, కాబట్టి దాన్ని బ్యాకప్‌గానే ఉంచుకోండి. ఇంకోటి, ఎవరైనా తలుపు కొట్టి సీజన్ మొత్తానికి క్యాష్ అడ్వాన్స్ అడిగితే వెంటనే ఇవ్వొద్దు. పేరు, నంబర్, ఏం చేస్తారో కాగితం మీద ఉండాలి.

మూడో తలుపు, ప్రభుత్వం, వాలంటీర్లు. చికాగోలో స్నో కోర్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది. పెద్దవాళ్లకి, వైకల్యం ఉన్నవాళ్లకి మంచు తీయడానికి వాలంటీర్లని కలుపుతారు. 311కి ఫోన్ చేసి రిక్వెస్ట్ పెట్టాలి. పిట్స్‌బర్గ్‌లో స్నో ఏంజెల్స్ అని ఉంది, 60 దాటినవాళ్లు అడగొచ్చు. కెనడాలో ఆటవాలో స్నో గో అని ఉంది. వేరే ఊరైతే 211కి చేయండి. అమెరికాలోనూ కెనడాలోనూ చాలా ప్రాంతాల్లో ఆ నంబర్ పనిచేస్తుంది, మీ ఏరియాలో ఏ సాయం ఉందో చెప్తారు. అమెరికాలో పెద్దవాళ్ల కోసమే ఎల్డర్‌కేర్ లొకేటర్ అని ప్రభుత్వ సర్వీస్ ఉంది, నంబర్ 1-800-677-1116.

ఒక టెక్నికల్ విషయం. 311 అనేది లోకల్ నంబర్. అక్క సియాటిల్ నుంచి 311 కొడితే చికాగో రాదు, మనం హైదరాబాద్ నుంచి కొడితే అసలే రాదు. చికాగో బయటి నుంచి చేయాలంటే 312-744-5000. ఇండియా నుంచి అయితే ముందు దేశం కోడ్ 1 కలపాలి. ఇది సేవ్ చేసుకోండి. ఇంకోటి గుర్తుంచుకోండి, వాలంటీర్ అంటే గ్యారంటీ కాదు. మంచు ఎక్కువ పడిన రోజున రిక్వెస్ట్‌లూ ఎక్కువే ఉంటాయి. అందుకే దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

నాలుగో తలుపు, మనవాళ్లు. గుడి, తెలుగు సంఘం, దగ్గర్లో యూనివర్సిటీ ఉంటే మన స్టూడెంట్స్. ఇక్కడ స్టూడెంట్స్ జాగ్రత్తగా వినండి. మీరు ఎఫ్-1 వీసా మీద ఉంటే, బయట డబ్బులు తీసుకుని మంచు తీయడం కూడా పర్మిషన్ లేని పని కిందకే వస్తుంది. "ఇరవై డాలర్లే కదా, క్యాష్ కదా" అనుకోకండి, వీసా మీదకి వస్తుంది. విజిటర్ వీసా మీద వెళ్లిన అమ్మానాన్నలకీ అంతే. మీ పెద్దమ్మ ఇంటికి వెళ్లి ఊరికే మంచు తీసి, వేడి వేడి ఉప్మా తిని రావడం వేరు, అది సంతోషంగా చేయండి. డబ్బుల కోసం మాత్రం వద్దు.

మాకు మొదటి తలుపులోనే దొరికాడు. మూడిళ్ల అవతల పదహారేళ్ల అబ్బాయి. పెదనాన్నే వెళ్లి మాట్లాడారు, ఒక్కోసారికి 30 డాలర్లు. వాళ్ల నాన్నగారు కూడా ఓకే అన్నారు. తర్వాత ఒక పేజీ కాగితం రాశాం. అందులో ఏముందో చెప్తాను, మీరు పాజ్ చేసి నోట్ చేసుకోండి.

ఒకటి, ఎంత పడితే రావాలి. రెండు అంగుళాలు అని పెట్టాం. ఫోన్ చేయక్కర్లేదు, మెసేజ్ అక్కర్లేదు. రెండు అంగుళాలు దాటితే వచ్చేయడమే.

రెండు, ఎప్పటికి అయిపోవాలి. పొద్దున తొమ్మిదిన్నర లోపు. రూల్ పదింటికి కదా, అరగంట మార్జిన్ పెట్టుకున్నాం.

మూడు, ఎక్కడెక్కడ తీయాలి. సైడ్‌వాక్, ముందు మెట్లు, వెనక గరాజ్ తలుపు ముందు. ఇంటి పక్క గోడకి హీటర్ గొట్టం ఉంటే దాని చుట్టూ కూడా తీయమని చెప్పాలి. అది మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉంది. ఆ గ్యాస్‌కి వాసన ఉండదు, అందుకే అలారం పనిచేస్తోందో లేదో కూడా చూసుకోవాలి.

నాలుగు, ఉప్పు. మంచు తీశాక ఉప్పు చల్లకపోతే, మిగిలిన తడి గడ్డకట్టి అద్దంలా తయారవుతుంది. పెద్దవాళ్లు జారిపడేది దాని మీదే. మామూలు రాక్ సాల్ట్ మైనస్ 9 డిగ్రీల కంటే కిందకి వెళ్తే సరిగ్గా పనిచేయదు. మరీ చలి రోజులకి కాల్షియం క్లోరైడ్ ఉన్నది వేరే డబ్బా కొని పెట్టుకోవాలి.

ఐదు, డబ్బులు ఎప్పుడు, ఎలా. మేం నెలాఖరున లెక్క చూసి ఇస్తాం. లెక్క రాసేది పెదనాన్నే.

ఆరు, ఆ అబ్బాయి రాకపోతే ఎవరు. ఇది రాయకపోతే మిగతా ఐదూ వేస్ట్. మా రెండో మనిషి ఎదురింటాయన, ఆయన దగ్గర స్నో బ్లోయర్ ఉంది.

కాగితంలో లేనిది ఇంకోటి చేశాం. పెదనాన్న పార తీసుకెళ్లి ఆ అబ్బాయి వాళ్ల గరాజ్‌లో పెట్టించాం. అక్క థ్యాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు చేసిన పని అది. పెదనాన్న మూడు రోజులు అక్కతో మాట్లాడలేదు. కానీ ఆ పార ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఏ కాంట్రాక్టూ పనిచేయదని మా ఇద్దరికీ తెలుసు.

అయితే పార లాక్కుని చేతులు ఖాళీగా వదిలేయకూడదు. నలభై ఏళ్లు చేసిన పని అది. అందుకే ఆయనకి ఒక డ్యూటీ ఇచ్చాం. వరండా రెయిలింగ్‌కి ఒక స్కేల్ కట్టారు. పొద్దున్నే కిటికీలోంచి చూసి, "2.5 అంగుళాలు" అని గ్రూపులో పెడతారు. స్టెప్స్ స్క్రీన్‌షాట్ పక్కన ఇప్పుడు స్నో రీడింగ్. ఉప్పు స్టాక్ ఎంతుందో చూసేదీ ఆయనే. మొదట్లో కోపంగా చేశారు, ఇప్పుడు ఎవరైనా రీడింగ్ అడగకపోతే ఫీలవుతున్నారు.

ఇక ఇండియాలో ఉన్నవాళ్లు చేయగలిగింది ఏంటి? చాలా ఉంది. చలికాలంలో చికాగో మనకంటే పదకొండున్నర గంటలు వెనక. వాళ్లకి పొద్దున పది అంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర. అంటే వాళ్లకి డేంజర్ టైమ్ అయిన పొద్దున పూట, మనం ఆఫీస్ అయిపోయి ఫోన్ పట్టుకుని కూర్చునే టైమ్. అక్క సియాటిల్‌లో ఉంది కానీ, అక్కడ అప్పుడు టైమ్ రెండు గంటలు ఇంకా వెనక, నిద్రలో ఉంటుంది. కాబట్టి ఆ డ్యూటీ నాది.

అమెరికా వెదర్ సర్వీస్ వెబ్‌సైట్‌లో వాళ్ల జిప్ కోడ్ కొడితే ఫోర్‌క్యాస్ట్ ఫ్రీగా వస్తుంది. రెండు మాటలు తెలుసుకోండి. "వాచ్" అంటే వచ్చే అవకాశం ఉంది, రెడీ అవ్వండి అని. "వార్నింగ్" అంటే వచ్చేస్తోంది, లేదా వచ్చేసింది అని. వాచ్ రాగానే నేను గ్రూపులో మూడు అడుగుతా. మందులు ఉన్నాయా, పాలు కూరగాయలు ఉన్నాయా, అబ్బాయి ఊళ్లో ఉన్నాడా.

ఇది పనిచేసిందా? ఈ జనవరిలో ఒక రోజు మాత్రం టెస్ట్ అయింది. రాత్రంతా మంచు పడింది, రీడింగ్ 7 అంగుళాలు. చికాగోలో తొమ్మిదైంది, అబ్బాయి రాలేదు. జ్వరం అని తర్వాత తెలిసింది. పెద్దమ్మ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది, గొంతు వణుకుతోంది. "ఒరే నాన్నా, ఈయన బూట్లు వేసుకుంటున్నారు. చీపురు పట్టుకున్నారు." పార లేదు కదా, చీపురు పట్టుకున్నారు!

నేను ఎదురింటాయనకి మెసేజ్ పెట్టి, వెంటనే పెదనాన్నకి వీడియో కాల్ చేశా. బయటకి వెళ్లొద్దు అనలేదు. "పెదనాన్నా, కాంట్రాక్ట్ ఆరో పాయింట్ ఏముందో ఒకసారి చదవండి" అన్నా. ఆయన బూట్లతోనే లోపలికి వెళ్లి ఫ్రిజ్ మీద అతికించిన కాగితం చదవడం మొదలుపెట్టారు. చదువుతుండగానే బయట మెషిన్ చప్పుడు. తొమ్మిది ఇరవైకి ఎదురింటాయన వచ్చేశారు.

"వచ్చాడ్రా," అన్నారు పెదనాన్న. "పది నిమిషాలు లేట్ అయ్యుంటే నేనే తీసేసేవాణ్ణి." బూట్లు విప్పుతూ అన్నారు.

ఆ రోజు మమ్మల్ని కాపాడింది నా ఫోన్ కాల్ కాదండీ. జనవరిలో ఆ పొద్దున కొత్తగా ఎవర్నో వెతికి ఉంటే తొమ్మిది ఇరవైకి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అక్టోబర్‌లో రాసిన ఆ ఆరో లైన్ కాపాడింది.

లాస్ట్‌గా, మీలో అక్కడ చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగం చేస్తున్నవాళ్లకి ఒక్క మాట. మీ వీధిలో ఒక ముసలాయన ఉంటారు. ఏ దేశం ఆయనైనా సరే. మీ ఇంటి ముందు తీసేటప్పుడు ఆయన ఇంటి ముందు కూడా ఇంకో పది నిమిషాలు తీసేయండి, అడక్కుండానే. "ఎవరైనా జారిపడితే మన మీద కేసు పడుతుందేమో" అని కొందరు భయపడతారు. ఇల్లినాయ్‌లో అయితే దీనికి చట్టమే ఉంది. ఇంటి ముందు సైడ్‌వాక్ మంచిమనసుతో శుభ్రం చేసినవాళ్ల మీద, కావాలని చేసిన నిర్లక్ష్యం ఉంటే తప్ప, బాధ్యత పడదు. వేరే రాష్ట్రమైతే అక్కడి రూల్ చూసుకోండి.

ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, ఊపిరాడకపోవడం, చల్లటి చెమట, ఇందులో ఏది వచ్చినా పని ఆపేసి వెంటనే 911. "కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది" అనేది అస్సలు వద్దు. ఈ వాక్యం మీ పెద్దవాళ్లకి తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టండి. వీడియో లింక్ కంటే మీ గొంతే ఎక్కువ వింటారు.

మీవాళ్లు ఏ ఊళ్లో ఉన్నారు, అక్కడ మంచు తీసేవాళ్లని ఎలా కుదుర్చుకున్నారు, కామెంట్స్‌లో రాయండి. ఆ ఊళ్లో ఉన్న ఇంకొకరికి పనికొస్తుంది. ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు మాత్రం కామెంట్స్‌లో పెట్టకండి. అక్టోబర్‌లో గుర్తుచేయడానికి ఇప్పుడే ఫోన్‌లో ఒక రిమైండర్ పెట్టేసుకోండి. ఇప్పుడే అంటే ఇప్పుడే, వీడియో క్లోజ్ చేసే ముందే.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.